పడుకున్న ముఖం

ఓంకార్ దవడ కింద అతుకు లేచింది. కెజియా జిగురు రాసి వేలితో నొక్కి పట్టింది. వేలు తీయగానే సిలికాన్ అంచు మళ్లీ చర్మాన్ని వదిలేసింది.

తెల్లాపూర్‌లోని ఒక విల్లాలో వెబ్ సిరీస్ షూటింగ్. ఓంకార్ నాటకాల నటుడు, నలభై దాటాయి. వేషం ఎనభై ఏళ్ల తాతది. అందుకోసం కెజియా బాలానగర్‌లోని తన గదిలో ఆయన ముఖానికి అచ్చు తీసింది. అచ్చు మీద బంకమట్టితో ముడతలు దిద్ది, బుగ్గలు, గడ్డం, మెడ సిలికాన్‌లో పోతపోసింది. ఇంతకుముందు ఆమె మేకప్‌లో చేసినవి గాయాలు, మచ్చలు. పూర్తి ముఖం ఇదే మొదటిది. కుదరకపోతే పని ముంబై వాళ్లకిస్తానని డైరెక్టర్ కృష్ణప్రియ ముందే చెప్పింది.

“ఏందమ్మా, నా మెడ నీ మాట ఇంటలేదా?” అన్నాడు ఓంకార్ అద్దంలో చూస్తూ.

“మీ మెడ బాగానే ఉందండి. నేను చేసిందే వినట్లేదు.”

ఆయన్ని కుర్చీలో వెనక్కి వాలమంది. అంచు చర్మానికి సరిపోయింది. లేచి కూర్చోమంది. అంచు లేచింది. కెజియాకు జరిగింది అర్థమైంది.

ఈ పనిలోకి రాకముందు ఆమె పళ్ల క్లినిక్‌లో సహాయకురాలు. పంటి అచ్చుకు వాడే పేస్టునే ముఖం అచ్చుకూ వాడతారు. క్లినిక్‌లో మనిషిని కుర్చీలో వాల్చి పని చేసేవారు. ఓంకార్‌నూ ఆమె అలవాటు కొద్దీ వాల్చి, ముఖానికి పేస్టు పూసింది. మనిషి పడుకుంటే బుగ్గలు చెవుల వైపు జారతాయి. దవడ కింద చర్మం వెనక్కి పోతుంది. ఆమె చేసింది పడుకున్న మనిషి ముఖం. ఇవాళ తీయాల్సింది డైనింగ్ టేబుల్ సీను.

ఆమె వెళ్లి కృష్ణప్రియకు అదే చెప్పింది. “తప్పు నాదే మేడం. కూర్చోబెట్టి అచ్చు తీయాల్సింది.”

కృష్ణప్రియ వచ్చి చూసింది. “క్లోజప్ ఉంది కెజియా. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని డైలాగ్ చెప్పమంటారా ఆయన్ని? సారీ, ముంబైకి కాల్ చేస్తాను.”

“జర ఆగుండ్రి మేడం,” అన్నాడు ఓంకార్. “తాత సచ్చిపోయే సీను గూడ ఈ ఇంట్లనే గద?”

“అవును, పై రూమ్‌లో. అది లాస్ట్ డే.”

“గది ఇయ్యాల తీయుండ్రి. అండ్ల నేను లేశేది లేదు, కూసునేది లేదు. మంచం మీద పండుకునుడే. టేబుల్ సీను తర్వాత పెట్టుకోండ్రి. ఈ లోపు ఈమె ఇంకో ముఖం చేస్తది.”

“అదీ సరిపోకపోతే?”

“సరిపోతది. నాటకాలల్ల ఒక మేకప్ ఆయన నాకు అతికిచ్చిన గడ్డం పీకిండు మేడం, తోలుతోని సహా. పుండు మానేదాంక నాకు వేషం లేదు. మొన్న జిగురు టెస్టుకు బుగ్గ మీద చిన్న ముక్క అతికిచ్చి, ఈమె నూనె రాసుకుంట, రాసుకుంట తీసింది. నేను నిద్రవోయిన. గురక పెట్టిన్నట గూడ.”

“పెట్టారండి,” అంది కెజియా.

కృష్ణప్రియ ఇద్దరినీ చూసింది. తర్వాత లైట్లు పైకి తీసుకెళ్లమని కేకేసింది.

మంచం మీద ఓంకార్ పడుకోగానే అంచు చర్మానికి సరిపోయింది. కెజియా జిగురు రాసి, అతుకు మీద రంగు అద్దింది. షాట్ అయ్యాక కృష్ణప్రియ మానిటర్‌లో దవడ కింద భాగాన్ని పెద్దది చేసి చూసింది. గీత లేదు.

“కొత్త అచ్చు ఎప్పుడు?”

“ఆదివారం మేడం. చర్చి అవగానే.”

“కూర్చోబెట్టి తీయండి,” అని కృష్ణప్రియ వెళ్లిపోయింది.

ఆదివారం చందానగర్ చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ కెజియా తల్లి సువార్తమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది. “లేచి చెప్పవే. ప్రభువు మేలు చేస్తే నోరు మూసుక్కూర్చుంటారా?”

కెజియా లేచింది. నలుగురిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. “తెల్లాపూర్‌లో ఓంకార్ గారని ఒకాయన మంచం మీద పడుకున్నారు. ఆయన వల్ల నా పని నిలబడింది. దేవునికి స్తోత్రం,” అని కూర్చుంది.

పాస్టర్ కళ్లు మూసుకున్నాడు. మంచాన పడిన సోదరుడు ఓంకార్ లేచి నడవాలని ప్రార్థన మొదలుపెట్టాడు. సంఘమంతా ఆమెన్ అంది. సువార్తమ్మ అందరికంటే గట్టిగా అంది.

ఓంకార్ బాలానగర్ వచ్చేసరికి కెజియా వాలని కుర్చీ ఒకటి వేసి ఉంచింది. ఆయన నిటారుగా కూర్చున్నాడు. ముక్కు రంధ్రాలు వదిలి ముఖమంతా పేస్టు పూశాక ఆమె చర్చిలో జరిగింది చెప్పింది. ఆయన భుజాలు ఊగాయి.

“నవ్వకండి సార్, బిగుస్తోంది,” అంది. చెవి పక్కన పేస్టు సర్దుతూ, “ఆ రోజు మీరు అడ్డుపడకపోతే ఈ పని నాకు ఉండేది కాదు. చాలా థ్యాంక్సండి,” అంది.

ఓంకార్ మాట్లాడలేడు. అదేం లేదన్నట్టు తల అడ్డంగా తిప్పబోయాడు. కెజియా రెండు చేతులతో ఆయన తల పట్టుకుని ఆపింది. పేస్టు గట్టిపడే వరకు అలాగే పట్టుకుంది.