మింగుడు బొంద

వడ్డేపల్లికి తూర్పున ఉన్న గడ్డి కంచలో వాన నీళ్ళు నిలవవు. అది నాపరాతి నేల. జానెడు మట్టి, దాని మీద మోకాలెత్తు గడ్డి, కింద పొరలు పొరలుగా పరిచినట్టు రాయి. ఎంత వాన పడినా నీళ్ళన్నీ నడుమ పల్లానికి చేరి, అక్కడ రాతిలో ఉన్న లోతైన బొందలో దిగి మాయమవుతాయి. మళ్ళీ ఎక్కడ తేలుతాయో మా తాతలకూ తెలియదు. దాన్ని మింగుడు బొంద అంటారు.

సంస్థానం వాళ్ళు ఆ కంచను జింకల కోసం అట్టిపెట్టారు. మా గొర్లూ మేకలూ మేయవచ్చు గాని గడ్డి కోయకూడదు, రాయి కదపకూడదు, బట్టమేక పిట్ట గుడ్డు జోలికి పోకూడదు. మనిషి కంటే పిట్టకు ఎక్కువ మర్యాద దొరికే చోటు. యుద్ధం రోజుల్లో వానలు వరసగా ముఖం చాటేశాయి. బావులు ఎండాయి. అప్పుడు మా పెద్దమనిషి శంకరయ్యకు ఒక ఆలోచన వచ్చింది. బొంద గొంతుకు రాళ్ళు అడ్డం బిగించి బంకమట్టి మెత్తితే, తొలి వానకే పల్లం కుంట అవుతుంది.

కంచ కావలి బాలరాజు వద్దన్నాడు.

"నీళ్ళు నిలిస్తె నాలుగూళ్ళ గొడ్లు ఈడికే వస్తయి శంకరన్నా. గడ్డి వేర్లతో సహా పోతది. జింక ఉండదు, పిట్ట ఉండదు. నా నౌకరి అసలే ఉండదు."

"నీ పిట్టలు బతకాలె, మా బర్లు సావాలెనా? జర అటు మల్లి నిలబడు. నువ్వేం సూడలే."

బాలరాజు అటు మళ్ళి నిలబడ్డాడు. అతనికీ ఒక బర్రె ఉంది.

బొందలో దిగడానికి మా చెల్లెలు హన్మమ్మ మొగుడు దశరథాన్ని ఎంచారు. రాయి బిగించడం తెలిసినవాడు. పెద్దల మాటకు ఎదురు చెప్పనివాడు కూడా. అది ఇంకా పనికొచ్చే గుణం. పైన తాడు పట్టుకున్నది నేను. ఇద్దరు మనుషుల లోతున, బొంద సన్నబడే చోట, అతను బండలను ఒకదానికొకటి ఆనించి నిలిపాడు. నడుమ ఒక చీలరాయి కొట్టాడు. బరువంతా దాని మీదే. సందుల్లో బంకమట్టి మెత్తాడు. పని అయిపోయిందనుకునేలోగా అంచు బండ ఒరిగింది.

"బావా, కాలు ఇరికింది."

"గుంజుకో."

"గుంజితే వస్తే నిన్నెందుకు పిలుస్త?"

గడ్డపార తాడుకు కట్టి దించాను. లోపల దాన్ని వంచి ఎత్తడానికి చోటు లేదు. రాయి మీద ఇనుము జారిన చప్పుడే తప్ప బండ కదల్లేదు.

"చీల తీస్తే బండలన్నీ కిందికి పోతయి, కాలొస్తది. తియ్యాల్నా పెద్దయ్యా?" అని లోపలి నుంచి అడిగాడు.

శంకరయ్య బొంద అంచున గొంతుక్కూర్చున్నాడు. "చేసిన పనంత పాయె గద బిడ్డా. మల్ల గింత బంకమట్టి యాడికెల్లి తెస్తం? జర ఓపిక పట్టు, మెల్లగ ఎత్తు."

అప్పుడే బాలరాజు తుంగభద్ర వైపు చెయ్యి చూపించాడు. ఆకాశం ఆ మూల బొగ్గయింది. పల్లంలో మేస్తున్న జింకలు మోరలెత్తి, ఒకటి వెనక ఒకటి మిట్టకు ఎక్కుతున్నాయి. బట్టమేక పిట్టలు రెండు ఎగరకుండానే, పెద్ద పెద్ద అంగలతో వాటి వెనకే నడిచాయి.

"గవి మిట్టకు పోతున్నయంటే ఇగ ఎంతోసేపు లేదు," అన్నాడు.

చినుకులు పడ్డాయి. ఎన్నాళ్ళకో మట్టి వాసన వచ్చింది. లోపల మనిషి ఇరుక్కున్నా, సిగ్గు లేకుండా నా ముక్కు దాన్ని పీల్చుకుంది.

బావికి గట్టు కట్టినట్టు బొంద చుట్టూ రాళ్ళు పేర్చి మట్టి కొట్టాము. కదపకూడని రాళ్ళను బాలరాజే మోసుకొచ్చాడు. గట్టు ఆగింది. నీళ్ళు మాత్రం ఆగలేదు. నాపరాయి బావి కాదు. దాని పొరల మధ్య సందులున్నాయి. లోపలి గోడల నుంచి నీళ్ళు ధారలుగా ఉరికాయి. దశరథానికి మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది.

"బావా, సుక్క కూడ కిందికి దిగుతలేదు!" అని అరిచాడు. గొంతులో భయం ఉంది. దాని కింద గర్వం కూడా ఉంది.

ఊరి దిక్కు నుంచి హన్మమ్మ ఉరికి వచ్చింది. పొద్దున్నుంచి ఆడవాళ్ళతో కలిసి కప్పతల్లి ఆట ఆడిన మనిషి. రోకలికి కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి, వాన రావాలని ఆ రోకలి మీద నీళ్ళు పోయించుకుంది. బొందలోకి తొంగి చూసింది. మొగుడి రొమ్ము దాకా నీళ్ళు.

"తియ్యి! చీల తియ్యి!"

దశరథం ఆమెను చూడలేదు. "పెద్దయ్యా, ఏమంటవ్?"

"వాన తగ్గేటట్టుంది. ఇంకింత సూద్దాం," అన్నాడు శంకరయ్య.

"ఏం సూస్తవ్? ముక్కు మునిగినంక మొకం సూస్తవా?" హన్మమ్మ చీర ఎగదోపి తాడు నడుముకు కట్టుకుంది. "అన్నా, గట్టిగ పట్టు."

దిగింది. మొగుడి చేతిలో గడ్డపార లాక్కుని నీళ్ళలో మునిగింది. పైకి ఏమీ కనబడలేదు. తాడు మాత్రం వణికింది. ఊపిరి కోసం లేచి మళ్ళీ మునిగింది. నా వెనక బాలరాజు తాడు పట్టాడు. లోపల రాయి రాయికి కొట్టుకుంది. తరువాత బొంద ఒక్క గుటక వేసింది.

నీళ్ళు సుడి తిరిగి కిందికి లాగాయి. తాడు నా అరచేతుల తోలు తీసుకుపోయింది. కాళ్ళు రాతి సందులో తన్నిపెట్టి గుంజాము. ముందు హన్మమ్మ తల కనబడింది, ఆమె చంకలో దశరథం తల. అతని ఎడమ పాదం ఉండవలసిన వైపు కాకుండా వేరే వైపు తిరిగి ఉంది.

వాన జోరందుకుంది. కంచ నలుమూలల నుంచి నీళ్ళు పల్లానికి చేరి బొందలో దిగుతున్నాయి. అందరూ ఆ మోత వింటూ నిలబడ్డారు.

"నీళ్ళు ఇంకో మూరెడు పెరిగేదాక ఆగుంటే వాన తగ్గేదేమో," అన్నాడు శంకరయ్య.

హన్మమ్మ కొంగు చింపి మొగుడి మడమకు కట్టు కడుతోంది. తల ఎత్తలేదు. "నీ మెడ పెట్టి కొలువు ఆ మూరెడు. నేను పైన కూసోని సూస్త."

దశరథాన్ని ఎత్తడానికి శంకరయ్య వంగాడు.

"నువ్వు ముట్టకు."

నేను తల వైపు, బాలరాజు నడుము దగ్గర పట్టాము. హన్మమ్మ కాళ్ళు పట్టుకుంది. ఎదురు వానలో ఊరి వైపు నడిచాము. శంకరయ్య వెనక వస్తున్నాడో, అక్కడే నిలబడ్డాడో ఎవరమూ తిరిగి చూడలేదు.