ఒక గోడ, రెండు దరఖాస్తులు

నల్ల సిరాతోనే నింపాలట, నీలం పనికిరాదట, గోడ మీద ఏటా అదే కాగితం అంటిస్తారు, ఏటా వెర్నా షోల్టిస్ సంచిలో నీలం పెన్నే ఉంటుంది, డెబ్భై రెండేళ్ళు వచ్చినా ఈ ఒక్కటీ గుర్తుండి చావదు, క్లెమ్ పక్కన ఉంటే ఈపాటికి నవ్వేవాడు, నీకు నల్లపెన్ను కొనిపెట్టడానికి నేనేమన్నా నీ మొగుణ్ణా అంటూనే చొక్కా జేబులోంచి తీసి ఇచ్చేవాడు, పదకొండేళ్ళుగా ఈ ఫైర్ స్టేషన్ హాల్లో, ఈ ఇనప కుర్చీల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని నంబరు పిలిచేదాకా ఊరివాళ్ళందరి మీదా చెవులు కొరుక్కునేవాళ్ళు, ఇవాళ పక్క కుర్చీలో ఆమె సంచి కూర్చుంది, సంచిలో రెండు దరఖాస్తులు, ఒకటి తన అద్దె సాయానికి, రెండోది క్లెమ్ ఇంటిపన్ను సాయానికి, అతను రాలేడు, మూడు వారాల కిందట సెల్లారు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, శనివారం కూతురు లోరీ ఒహాయో నుంచి కారు తెచ్చి తీసుకుపోతుంది, బాగయ్యేదాకానే అంది లోరీ, కానీ గరాజు పక్క గదికి కొత్త రంగు వేయించిందట, బాగయ్యేదాకా ఉండే మనిషి కోసం ఎవరూ గోడలకి రంగులు వేయించరు, ఇవాళ గురువారం, దరఖాస్తులకి ఇదే ఆఖరి రోజు, అతను వెళ్ళేలోపు రేపు ఒక్కరోజే మిగిలింది.

ముప్పై నాలుగు అని పిలిచారు, ఆమెది నలభై ఒకటి, ఇంకా బోలెడు టైముంది, హాలంతా ఊతకర్రలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, వెనక వంటగదిలోంచి వెన్నలో వేగే ఉల్లిపాయల వాసన, రేపటి అమ్మకానికి ఆడవాళ్ళు బంగాళదుంప కూరి పియెరోగీ కుడుములు చేస్తున్నారు, క్లెమ్‌కి రెండు డజన్లు చాలవు, మనిషి సన్నగా కర్రలా ఉంటాడు, ఆ తిండంతా ఎక్కడికి పోతుందో, ముప్పై ఏళ్ళు రొట్టెల బండి నడిపాడు కదా, తెల్లారకముందే ఈ కొండవీధులన్నీ ఎక్కి దిగి అరిగించేసుకునేవాడు, ఇప్పుడు కాలికి కట్టు, కట్టు కింద దురద పెడుతోందని నిన్న ఆమె అల్లిక సూది అడిగి పుచ్చుకున్నాడు, ఆ సూది తిరిగి ఇవ్వలేదు, ఒహాయో వెళ్ళిపోతుందేమో సూది కూడా, పోనీ, వాళ్ళది ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు, నడుమ ఒకటే గోడ, ఎడమ సగం క్లెమ్ సొంతం, కుడి సగం వేరొకరిది, అందులో ఆమె అద్దెకుంటోంది, మంచు పడ్డ పొద్దున అతను తన వాకిలి ముందు పారతో తీసి, ఆమె ముందు కూడా తీసి, ఆమె కారు పెట్టుకునే జాగాలో తన వంటింటి కుర్చీ తెచ్చి పెట్టేవాడు, ఈ ఊళ్ళో కుర్చీ ఉన్నచోట ఇంకెవడూ కారు పెట్టడు, పెడితే పొద్దున్నకి టైర్లలో గాలుండదు, కుర్చీ క్లెమ్‌ది, జాగా వెర్నాది, అది చూసి వీధంతా తీసుకోవలసిన అర్థం తీసేసుకుంది, తీసుకోనీ, రాత్రి భోజనం ఆమె వైపు, టీవీ అతని వైపు, వార్తలయ్యాక ఎవరి తలుపు వాళ్ళది, అదీ పద్ధతి, ఆ పద్ధతి పెట్టింది ఆమే.

ఏటా ఈ కాగితాలు ఇచ్చేసి బయటికొచ్చి మెట్లు దిగుతూ ఉంటే అతను అడిగేవాడు, వెర్నా, వచ్చే ఏడు ఒక్క కాగితమే తెద్దామా, అంతే, మోకాళ్ళ మీద కూలబడటం, ఉంగరాలు, పూలు ఏమీ లేవు, మొగుడూ పెళ్ళాలకి ఒకటే దరఖాస్తు మరి, ఆమె కూడా ఏటా ఒకటే చెప్పేది, ఇద్దరి పింఛన్లూ కలిపితే పరిమితి దాటిపోతుంది, నీ పన్ను సాయం ఊడుతుంది, ఇళ్ళ మీద వేసే స్కూలు పన్ను ఎలా మింగేస్తోందో చూడట్లేదా, నా కోసం ఇల్లు పోగొట్టుకుంటావా, అప్పుడు నువ్వు అద్దె కట్టక్కర్లేదుగా అనేవాడు, ఆ మిగిలినదాంతో పన్ను కట్టుకుందాం అనేవాడు, నీకు లెక్కలు రావులే నోర్మూసుకుని నడు అనేది, సరేలే, సర్కారువారు మనల్ని కలవనివ్వట్లేదన్నమాట అని అతను మూలమీద కొట్లో లాటరీ టికెట్టు కొనేవాడు, ఈ రాష్ట్రంలో ముసలివాళ్ళ సాయం ఆ లాటరీ డబ్బుల్లోంచే వస్తుంది, చూడు, నా సాయం నేనే కట్టుకుంటున్నా అని గోరుతో గీకేవాడు, ఎప్పుడూ ఏమీ తగిలేది కాదు, అయినా ఆ మెట్లమీద ఆ మాట కోసం ఆమె ఏడాది పొడుగునా ఎదురుచూసేది, ఒప్పుకోడానికి కాదు, ఎందుకో తనకే తెలియదు, ఆ వయసులో కూడా తనని ఒక మనిషి అడుగుతున్నాడని, అడగడం మానలేదని, మెట్టు మెట్టుకీ గుండె కొట్టుకునేది, పెళ్ళికి ముందు ఫ్యాక్టరీ గేటు దగ్గర లియో సైకిలు గంట వినపడ్డప్పుడు కొట్టుకున్నట్టు, లియో పోయి ఇరవై రెండేళ్ళు, లియో సంగతి ఇప్పుడెందుకు.

నలభై ఒకటి, అదిగో ఆమెదే, రా పిన్నీ కూర్చో అంది బల్ల అవతల డోరీన్, చొక్కాల ఫ్యాక్టరీలో వెర్నా పక్క మిషను మీద కాలర్లు కుట్టిన ఆవిడ కూతురు, ఈ పిల్లకే ఇప్పుడు యాభై ఐదు, కళ్ళజోడుకి గొలుసు కూడా వచ్చింది, క్లెమ్ ఎలా ఉన్నాడు, శనివారమేనటగా ప్రయాణం, పాపం, కూతురి దగ్గరైతే కనిపెట్టుకుని చూస్తుందిలే అంది, అవును మంచిపిల్ల అంది వెర్నా, ఈ మాట మూడు వారాల్లో ఎన్నిసార్లు అందో, పోయినేడంతా ఈ ఇంట్లోనే ఉన్నావా పిన్నీ, ఉన్నాను, ఇంటివాడి సంతకం పెట్టించావా, ఇదిగో, నీతోపాటు ఇంకెవరైనా ఉంటున్నారా, లేదు, ఈ లేదు అన్న మాట ఏటా ఎంత తేలిగ్గా వచ్చేదో, ఇవాళ బల్ల అంచు చూస్తూ అంది, అతని ఇంటి చెప్పులు ఆమె తలుపు వెనకే ఉంటాయి, అతని బీపీ మాత్రలు ఆమె అలమారలో, అతనిదని ఒక చెంచా, అతనిదని ఒక కుషను, ఇన్ని ఉన్నా మనిషి మాత్రం ఉంటున్నట్టు లెక్క కాదు, సరే, వితంతువు దగ్గర నేనే టిక్కు పెట్టేస్తున్నా అంది డోరీన్, పెట్టబోతుంటే ఆగు అంది వెర్నా, ఎందుకందో తెలియలేదు, డోరీన్ నల్లపెన్ను అక్కడే గాల్లో ఆగింది, ఏంలేదు, మా వీధిలో ఒకావిడ కనుక్కోమంది, ఒకాయనకి సొంతిల్లుంది, ఈవిడ అద్దెకుంటోంది, ఇద్దరూ పెళ్ళి చేసుకుంటే ఆయన పన్ను సాయం పోతుందా, డోరీన్ కళ్ళజోడు మీంచి ఒక్క చూపు చూసింది, నవ్వలేదు, నవ్వకపోవడమే మేలు చేసింది, మీ వీధిలో ఆవిడకి చెప్పు పిన్నీ, పరిమితి పెంచి రెండేళ్ళు దాటింది, ఈ వీధుల్లో ఏ ఇద్దరి పింఛను కలిపినా దాటదు, ఆయన సాయం ఆయనకొస్తుంది, ఆవిడకి అసలు అద్దే ఉండదాయె, ఇంక అద్దె సాయం దేనికి, పేపర్లో పెద్దక్షరాలతో వేశారు, ఆవిడ చూళ్ళేదా.

చూసింది, ఆవిడ చూసింది, ఎందుకు చూడలేదు, ఆ ఆదివారం కాఫీకి వచ్చిన క్లెమ్ పంచదార గిన్నె కింద పెట్టి వెళ్ళాడు, పేపరు ముక్క, కత్తెరతో అంచులు తిన్నగా కత్తిరించి, ఒక్క వాక్యం కింద గీత గీసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆమె నిలబడే చదివింది, మళ్ళీ కూర్చుని చదివింది, చదివి గుండీల డబ్బా అడుగున పెట్టి మూత బిగించింది, మర్నాడు అతను అడగలేదు, ఆమె చెప్పలేదు, ఆ జూన్‌లో ఈ మెట్లు దిగుతూ అతను వానొచ్చేలా ఉంది అన్నాడు, పోయిన జూన్‌లో ఏమీ అనలేదు, లాటరీ టికెట్టు కొని గీకకుండా జేబులో పెట్టుకున్నాడు, పదకొండేళ్ళూ అడగలేదు, తొమ్మిదేళ్ళే అడిగాడు, మిగతా రెండేళ్ళూ ఆమె కల్పించుకున్నవే, అడిగినట్టే తలుచుకుంటూ వచ్చింది, సిగ్గులేకుండా, ఆ మనిషి నోరు మూయించింది సర్కారు కాదు, తనే, అతని ఇల్లు కాపాడుతున్నానని తొమ్మిదేళ్ళు చెప్పి, కాపాడక్కర్లేదని తెలిశాక రెండేళ్ళు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చుంది, ఎందుకు, పిన్నీ ఒంట్లో బాగానే ఉందా, నీళ్ళు తెమ్మంటావా అంటోంది డోరీన్, వద్దమ్మా, బాగానే ఉంది, ఎందుకంటే లియో, ఇరవై ఆరేళ్ళు గనిలో బొగ్గు పీల్చిన లియో, ఆఖరి మూడేళ్ళూ మంచం పక్కన కుర్చీలో తను, ఒక ఊపిరి వస్తే రెండోది వస్తుందో రాదో అని, ఒక తెల్లవారుజామున రెండోది రాలేదు, బాగా వెలుతురు వచ్చేదాకా అలాగే చెవి పెట్టుకుని కూర్చుంది, ఇంక చాలు, ఇంకో మొగవాడి ఊపిరికి కాపలా కాయడం నా వల్లకాదు అని ఆ రోజే అనుకుంది, అందుకే ఎవరి తలుపు వాళ్ళది, అందుకే గోడ, మరి ఆ గోడకే ఆనించి మంచం వేసుకున్నదెవరు, కిటికీ పక్కన హాయిగా గాలి వచ్చే చోటు ఉండగా, పదకొండేళ్ళుగా అవతల అతను దగ్గితే ఇవతల మెలకువ వస్తుంది, మళ్ళీ దగ్గుతాడు, గ్లాసు చప్పుడవుతుంది, మంచం కిర్రుమంటుంది, అప్పుడు గాని ఆమెకి నిద్రపట్టదు, అతను ఆసుపత్రిలో ఉన్న అయిదు రాత్రులూ అవతల ఏ చప్పుడూ లేదు, ఆమె కన్ను మూయలేదు, కాపలా కాస్తూనే ఉంది, ఏదీ తప్పించుకోలేదు, దగ్గినప్పుడు వీపు నిమరడం ఒక్కటే తప్పించుకుంది, చలికాలం ఆ పక్క వెచ్చదనం ఒక్కటే పోగొట్టుకుంది.

క్లెమ్‌ది కూడా ఇలా ఇవ్వు పిన్నీ అని చెయ్యి చాచింది డోరీన్, రెండు కాగితాలూ బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది వెర్నా, ఒకే వీధి, ఒకే కొండ, ఇంటి నంబర్లలో ఆఖరి అంకె ఒక్కటే తేడా, డోరీన్ స్టాంపు ఒకదాని మీద గుద్దింది, రెండోదాని మీద గుద్దింది, అయిపోయింది, ఇంక శనివారం లోరీ కారు వస్తుంది, అతని చొక్కాలన్నీ నిన్నే ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది తనే, పన్నెండు చొక్కాలు, కాలర్లు నలక్కుండా మధ్యన కాగితం పెట్టి మరీ, అతను కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు, నువ్వేమంటావు వెర్నా అన్నాడు, అక్కడ చెరువు గట్టు బాగుంటుందట, నీకు కాలక్షేపం అవుతుంది అంది, మళ్ళీ అన్నాడు, నేనడిగేది చెరువు సంగతి కాదు, లోరీ మంచిపిల్ల అంది తను, అతను తలూపి కిటికీలోంచి చూడసాగాడు, ఆ మెడ వెనక నరం చూస్తూ ఆమె పదమూడో చొక్కా వెతికింది, అది అతని ఒంటి మీదే ఉంది, లోరీ రమ్మంది, డాక్టరు వెళ్ళమన్నాడు, వీధిలో వాళ్ళంతా అదే మంచిదన్నారు, తొమ్మిదిసార్లు అతను అడిగాడు, రెండేళ్ళు అడక్కుండా ఎదురుచూశాడు, నిన్న చొక్కాల మధ్య కూర్చుని ఇంకా ఎదురుచూశాడు, చలికాలానికి చమురు ఎంత అవుతుందో, పన్ను ఎంత పెరుగుతుందో, ఎవరి పింఛను ఎంతో అన్నీ తను మాట్లాడింది, క్లెమ్, వెళ్ళకు, నా దగ్గర ఉండిపో అని మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు.