చెట్టుకు పూచీ పడిన మనిషి

మా పెరట్లోని మామిడి చెట్టూ, మా తమ్ముడి పెళ్లామూ ఒకే ఎద్దుల బండిలో మా ఇంటికి వచ్చారు. వేణమ్మ వాళ్ల నాయన రుద్రవరం వైపు కొండవార రైతు. కూతురి సారెలో, చీరెల మూట పక్కన, తడి గోనెపట్టలో చుట్టిన మామిడి మొక్కను కూడా పెట్టి పంపాడు. పుట్టింటి చెట్టు నీడన కూతురు చల్లగా ఉంటుందని ఆయన ఆశ. ఆ చెట్టే కూతురి మెడకు చుట్టుకుంటుందని పాపం ఆయనకేం తెలుసు!

నేను సోమక్కను, ఓబులేసుకు అక్కను. మొగుడు పోయాక పుట్టింటికి చేరినదాన్ని కాబట్టి ఆ ఇంట్లో నాకు పనికి లోటు లేదు, నా మాటకు మాత్రం విలువ లేదు. విలువ లేదని నా నోరు ఊరుకున్నదీ లేదు.

మొక్కా కోడలూ ఒకే రోజు గడప తొక్కారని మా అమ్మ రామలక్ష్మమ్మ ఇద్దరికీ ముడిపెట్టేసింది. చెట్టు చిగురు వేస్తే కోడలి వంక చూసి నవ్వేది. ఆకు ముడుచుకుంటే కోడలి మీద విసుక్కునేది. చెట్టు ఎదిగింది, పూత పట్టింది. పూత పూసినట్టే పూసి రాలిపోయేది, పిందె నిలిచేది కాదు. వేణమ్మకు మూడుసార్లు కడుపు పోయింది. ఇంక మా అమ్మకు వేరే రుజువు ఎందుకు?

ఉప్పు మీద గొడవలు జరిగి, కాంగ్రెసు వాళ్లు ఊరూరా తిరుగుతున్న కాలమది. రెండేళ్లుగా సరైన వాన లేదు. పుష్యమాసంలో ఒక పొద్దున మా అమ్మ చెట్టును బెదిరించాలని పట్టుబట్టింది. కాయని చెట్టును బెదిరించడం మా వైపు కొత్తేమీ కాదు. ఒకరు గొడ్డలి పట్టుకొని నరుకుతానని చెట్టు మీదికి పోవాలి. ఇంకొకరు అడ్డం వచ్చి, ఈ ఏడు కాస్తుంది, నాది పూచీ అని బతిమాలాలి. చెట్టు విని భయపడి కాస్తుందట. పూచీ పడినవాళ్లు ఆ ఏడంతా తమ చేత్తోనే చెట్టుకు నీళ్లు పోయాలి. గొడ్డలి తమ్ముడి చేతికిచ్చి, అడ్డం పడమని వేణమ్మను ముందుకు తోసింది మా అమ్మ.

"ఏండ్లకేండ్లు నీళ్లు తాగి పూస్తాండావు, ఒక్క కాయ ఇచ్చినావా? నిన్ను పెట్టుకుని మేమేం జేసేది? నరికి పొయ్యిలో పెడతా," అన్నాడు ఓబులేసు, చెట్టు వంక చూడలేక, పెళ్లాం వంక చూడలేక, గొడ్డలి వంకే చూస్తూ.

"వద్దు, నరకద్దండి," అంది వేణమ్మ. "ఈ యేడు కాస్తాది. నాది పూచీ."

ఆ మాటలు చెట్టును అన్నవని అనుకోవడానికి అక్కడ పిచ్చివాళ్లెవరూ లేరు. మా తమ్ముడు మంచివాడే. ఆ మంచితనం ఎన్నడూ ఎవరికీ అక్కరకు రాలేదు, అంతే.

ఆ పూటే రొట్టెలు కాలుస్తూ మా అమ్మ తేల్చి చెప్పేసింది. "ఉగాదికి ఆ చెట్టున పిందె నిలిస్తే ఇంకో యేడు చూస్తాము. నిలవకపోతే ఓబులేసు మైదుకూరు పిల్లను రెండో పెండ్లి చేసుకుంటాడు. వానికి కూడా చెప్పినా."

వేణమ్మ జొన్నపిండి పిసుకుతున్న చెయ్యి ఆపకుండానే "అట్లే అత్తా," అంది. నాకు ఒళ్లు మండింది. మనిషి బతుకును చెట్టు కొమ్మకు వేలాడదీసే న్యాయం ఏ ఊళ్లో ఉందమ్మా అని అడిగాను. నీ పని చూసుకోమంది.

సాయంకాలం వేణమ్మ పెరట్లో నిలబడి నాలుగు దిక్కులా చూస్తోంది.

"వదినా, మీ ఊర్లో మాఘంలో పూలేముంటాయి?"

"ఏముంటాయి? జొన్న కొయ్యలుంటాయి, ఎండిన పత్తికట్టె ఉంటాది. యాపపూత కూడా ఉగాదికి గానీ రాదు."

"మరి తేనీగె ఈడికి ఏం సుఖముందని వస్తాది? ఈగె వాలని పూత పిందె ఎట్ల కడతాది? మా నాయన పుష్యంలో దొడ్డి ఎమ్మటి ఆవాలు, ధనియాలు చల్లుతాడు. మామిడి పూసేటప్పటికి అవి కూడా పూస్తాయి. వాటికోసరం వచ్చిన ఈగె దీని మీద కూడా వాలతాది."

ఏడేళ్లుగా ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్ను ఎవురడిగినారు వదినా?" అంది.

మర్నాటి నుంచి ఆమె పార వదలలేదు. చెట్టు చుట్టూ మళ్లు కట్టింది. ఆవాలు, ధనియాలు చల్లింది, గోడ పొడుగునా బంతి నారు పెట్టింది. వెడల్పు మూకుట్లో గులకరాళ్లు పరిచి, ఈగలు మునిగిపోకుండా తాగేటట్టు నీళ్లు పోసి పెట్టింది. పుట్టింటి నుంచి పాత తేనెమైనం తెప్పించి, ఒక కుండ లోపలంతా పూసి, పక్కకు వేలు పట్టేంత బెజ్జం పెట్టి, మూతికి మూకుడు మెత్తి గోడ మూలన బోర్లించింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఆ ఎండిన ఊళ్లో మా పెరడే నందనవనమని నేను ఆట పట్టించేదాన్ని.

మా అమ్మ మాత్రం ముక్కు విరిచింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట. పూతే లేదు, ఈగెలకు విందంట." అన్నాక ఆ సామెత ఎవరికి ఎక్కడ తగిలిందో ఆమెకే తెలిసి మాట మార్చింది. "తేనెపట్టు పట్టిన ఇల్లు పాడుబడతాది, తెలుసునా?"

"పట్టేది కుండకు గదత్తా, ఇంటికి కాదు," అంది వేణమ్మ. మా అమ్మకు నవ్వొచ్చింది, దాచుకుంది.

కష్టమంతా నీళ్లది. మా పెరటి బావి ఉప్పు బావి. ఆ నీళ్లు పోస్తే మొక్క మాడిపోతుంది. మంచినీళ్లకు కుందేటికి పోవాలి. ఆ ఏడు ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. చెలమ తోడి, ఊరిన నీళ్లను చిప్పతో కుండలకు ఎత్తుకొని, నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకొని గట్టెక్కి రావాలి. తాగే నీళ్లకైతే ఒక విడత చాలు. చెట్టుకూ మళ్లకూ వేణమ్మ పొద్దున పోయిందంటే ఎండెక్కేదాకా తిరుగుతూనే ఉండేది. నేను కుండ అందుకోబోతే మా అమ్మ ఒప్పుకునేది కాదు. పూచీ పడిన చెయ్యే పోయాలి, లేకపోతే ఫలితముండదంది. నెలకోసారి వేణమ్మ బయట కూర్చునే మూడు రోజులు మాత్రం నేను పోసేదాన్ని. ఆ రోజుల్లో ఆడది పూతచెట్టు దగ్గరికి పోతే పూత మాడుతుందని అందరి భయం. గొడ్ల కొట్టం పక్క వసారాలో చాప పరుచుకొని, గోడకు ఆనుకొని, కళ్లు మూసుకొని కూర్చునేది. నెలకు ఆ మూడు రోజులైనా దానికి విశ్రాంతి దొరికిందిలే అనుకునేదాన్ని.

మాఘం నడిమికి ఆవ మడి పచ్చగా పూసింది. వెనకే ధనియాల పూత తెల్లగా విచ్చుకుంది. మామిడి చెట్టు ఆకు కనబడనంతగా పూసింది. ఒక పొద్దున వేణమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకొని పెరట్లోకి లాక్కుపోయింది. కుండ బెజ్జం దగ్గర ఈగలు ముసురుతున్నాయి. ఒక గుంపు లోపలికి పోతోంది, ఒక గుంపు బయటికి వస్తోంది. చెట్టంతా ఒకటే రొద.

"వచ్చినాయి వదినా! ఇంటిల్లిపాదీ వచ్చినాయి!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఏడేళ్లలో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. ఆ నవ్వు విని మా తమ్ముడు కూడా వచ్చి, దూరంగా నిలబడి, ఎందుకో కళ్లు తుడుచుకున్నాడు.

ఫాల్గుణం వచ్చేసరికి పూత రాలి పిందె పట్టింది. ముందు మిరియపు గింజంత, తర్వాత రేగిపండంత. రాలినవి రాలగా గుత్తికి ఒకటో రెండో గట్టిగా నిలబడ్డాయి. మా అమ్మ పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా చెట్టు కిందికి పోయేది. నోరు మెత్తబడింది. కోడలి కంచంలో నెయ్యి వేసింది. "పిందె నిలిచేటప్పుడే నీళ్లు తగ్గగూడదే, ఇంకో రెండు కుండలు ఎక్కువ పొయ్యి," అని ప్రేమగానే చెప్పేది. వేణమ్మ ఎక్కువే పోసేది.

ఉగాదికి కొన్నాళ్లుందనగా ఒక పొద్దున ఆమె ఎంతసేపటికీ ఏటి నుంచి రాలేదు. వెతుక్కుంటూ పోతే గట్టు కింద తుమ్మచెట్టు నీడలో ముడుచుకొని పడి ఉంది. కుండలు రెండూ పగలకుండా పక్కన పెట్టి ఉన్నాయి. చీరంతా నెత్తురు.

"మూడో నెల వదినా," అంది.

పక్కన కూర్చుని ఆమెను లేపి పట్టుకున్నాను. "నెలనెలా బయట కూచుంటాంటివి గదే!"

"ఎవురికీ తెలియకూడదని కూచుంటి. పోయినసారి అత్తే గదా అనింది, ఐదు నెలలు నిండేదాకా ఎవురికీ చెప్పొద్దు, నాక్కూడా చెప్పొద్దు, నా కండ్లే తగులుతాండాయేమో అని. ఈసారి ఎట్లైనా నిలపల్లని…" మాట పూర్తి చేయలేక నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరమూ కలిసి ఆ ఇసుకలోనే గుంట తీశాము. ఇంతకంటే నేను చెప్పలేను.

ఇంటికి నడిపించుకొస్తుంటే దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పొద్దు వదినా. చెట్టున పిందె ఉండాది. ఈ ఒక్క యేడన్నా దొరుకుతాది నాకు." చెప్పనని ఒట్టు వేశాను. ఆమె పోయి వసారాలో చాప పరుచుకుంది. మళ్లీ బయట కూర్చుందనుకొని మా అమ్మ నిట్టూర్చి, అన్నం కంచం దూరం నుంచే తోసింది.

ఉగాది వచ్చింది. మా చెట్టు పిందెలతోనే పచ్చడి కావాలని మా అమ్మ స్వయంగా నాలుగు కోసింది. చింతపండు, కొత్త బెల్లం, వేపపూత వేసి కలిపింది. దేవుడికి పెట్టాక కొడుకును, నన్ను పిలిచి కూర్చోబెట్టి, అందరికంటే ముందు కోడలి చేతిలో పెట్టింది. మా అమ్మ కళ్లు మెరుస్తున్నాయి. అంత సంతోషంగా ఆమెను నా పెళ్లిలో కూడా చూడలేదు.

"మాటంటే మాటే. మైదుకూరోళ్లకు వద్దని చెప్పి పంపిస్తా. నీ పూచీ నిలబెట్టుకున్యావమ్మా. ఈగెను పిలిచి, నీళ్లు మోసి నిలబెట్టినావు. ఇంక ఈ చెట్టు మాదిరే నీ కడుపు కూడా…"

వేణమ్మ పచ్చడి నోట్లో పెట్టుకోలేదు. నేను కళ్లతోనే వద్దని చెప్పాను. ఆమె నన్ను చూడనే లేదు.

"చెట్టు నిలబెట్టుకునింది అత్తా. నేను నిలబెట్టుకోలేదు," అంది.

మా అమ్మకు అర్థం కాలేదు. వేణమ్మ తల దించుకొని, మూడో నెలని, ఏటి గట్టు కిందని, అన్నీ చెప్పేసింది. "నువ్వు మాట నిలబెట్టుకోవాల్సిన పని లేదత్తా. మైదుకూరోళ్లకు రమ్మనే చెప్పు."

ఓబులేసు లేచి బయటికి పోయాడు. ఏడవడానికి కూడా బయటికే పోవాలి ఆ మగాడు! మా అమ్మ మాత్రం కదల్లేదు. పచ్చడి గిన్నె ఒళ్లో పెట్టుకొని అట్లే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఆమె మీద పెంచుకున్న కోపంతో ఒక మాట అనాలని నాకు నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక రాలేదు.

"చెప్పింటే," అంది చివరికి, "చెప్పింటే ఆ నీళ్లు నేను మోసుందును గదే!"

ఆ పూట ఎవరమూ తినలేదు. కాసేపటికి మా అమ్మ లేచింది. వేణమ్మ మోసే కుండ నెత్తిన పెట్టుకొని, చెప్పుల్లేకుండా ఏటి దారి పట్టింది. వచ్చి చెట్టు మొదట్లో నీళ్లు కుమ్మరించి, వట్టి కుండతో మళ్లీ పోయింది. పండగ పూట ఆ ముసలామె ఎండలో ఎక్కీ దిగీ తిరుగుతుంటే వీధిలో జనం నిలబడి చూశారు. మడి నిండింది, గట్టు తెగి నీళ్లు పెరడంతా పారాయి. "చాలత్తా, చెట్టుకు చాలు," అని వేణమ్మ వసారాలోంచి చెప్తూనే ఉంది. మా అమ్మ మళ్లీ కుండ ఎత్తుకొని బయలుదేరింది.