చప్పట్లు పడిన ట్రంపెట్

అమలాపురంలో పొద్దు వాలితే చాలు, నల్ల వంతెన అవతల రోడ్డంతా ఒకటే సందడి. బిర్యానీ హోటళ్ళు, జ్యూసు కౌంటర్లు, డాబాల మీద రంగు లైట్ల కింద గిటార్లు పట్టుకున్న కుర్రాళ్ళు. మన ఊరికి కూడా లైవ్ మ్యూజిక్ వచ్చేసిందని జనం మురిసిపోతున్నారు. ఇన్నేళ్ళుగా ఎండలో నడుచుకుంటూ పెళ్ళికీ చావుకీ ఊపిరి ఊదిపోసిన బ్యాండు వాళ్ళది ఏ మ్యూజిక్కో మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మత్తయికి గుర్తుంది. రాజోలు రోడ్డు పక్క పేటలో అతని బ్యాండు ఒకప్పుడు పేరున్నదే. డీజే పెట్టెలు వచ్చి పెళ్ళిళ్ళు ఎగరేసుకుపోయాక అతనికి చావులు మిగిలాయి. శవం వెంట బ్యాండు నడవకపోతే పేటలో ఇప్పటికీ తప్పుగా చూస్తారు కాబట్టి ఆ మాత్రం పని దొరుకుతోంది. దాంతోపాటు ‘చావు బ్యాండు మత్తయి’ అన్న పేరూ వచ్చింది. ఆ పేరు వింటే అతనికి ఒళ్ళు మండిపోతుంది. ఎంత బాగా వాయించనీ, చావింట్లో చప్పట్లు కొట్టేవాడెవడు? తన ట్రంపెట్ విని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, జనం చప్పట్లు కొట్టాలి. అతనికున్న కోరికల్లా అదే.

అలాంటి మనిషి దగ్గరికి కొబ్బరి వ్యాపారం చేసే బుచ్చిరాజు గారు తనంత తానుగా కారు దిగి వచ్చాడు. తోటలో రెస్టారెంటు కడుతున్నాడట, దాన్లో స్టేజీ కూడా ఉందట.

"ఓపెనింగ్ రోజున మీ బ్యాండు స్టేజీ మీద ఉండాలండీ మత్తయిగారూ. జనానికి నచ్చితే ప్రతి శనివారం మీదే," అన్నాడు.

మత్తయి ఆ రాత్రి భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. బట్టతో ట్రంపెట్‌ని తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా ఓపెనింగ్ రోజు పొద్దున్నే శామ్యూల్ మాస్టారు కన్నుమూశారు.

మత్తయి పెదాలకి ట్రంపెట్ పట్టించింది ఆయనే. గాలి ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ వదలాలో వీపు మీద చెయ్యివేసి నేర్పింది ఆయనే. ఆ పేటలో బ్యాండు వాళ్ళకి ఒక కట్టుబాటుంది. బ్యాండు మనిషి పోతే, మట్టి వేసే ముందు గుంట దగ్గర చివరి పాట అతని చేతి కింద నేర్చుకున్నవాడే వాయించాలి. మాస్టారు మంచాన పడ్డాక కూడా నవ్వుతూ, "నాకు నువ్వే వాయించాలిరా. అపశ్రుతి పలికేవంటే లేచొచ్చి మొట్టికాయ వేస్తాను," అనేవారు. "ఆయ్, అలాగేనండి," అనేవాడు మత్తయి.

సమాధి సాయంత్రం నాలుగింటికన్నారు. స్టేజీ ఏర్పాట్లు చూసే విజయ్ కుమార్ అనే కుర్రాడికి మత్తయి ఫోన్ చేశాడు. "సౌండ్ చెక్ కూడా నాలుగింటికేనండీ. రాలేనంటే చెప్పండి, వేరేవాళ్ళని చూసుకుంటాం," అన్నాడతను మర్యాదగానే.

మత్తయి మాస్టారి ఇంటికి వెళ్ళాడు. షామియానా కింద శవపెట్టె పక్కన మాస్టారి భార్య మార్తమ్మ కూర్చుని ఉంది.

"అత్తయ్యగారండీ, సమాధి రేపు పొద్దున్నకి పెట్టుకుంటే…" అన్నాడు.

"పాస్టరుగారు అందరికీ చెప్పేసేరు మత్తయ్యా. ఏం?"

చెప్పాడు. అంతా విని ఆమె మాస్టారి ముఖం మీద ఈగని తోలింది. "స్టేజీ ఎక్కుతున్నావంటే ఆయన సంతోషించేవారేలే. వెళ్ళిరా," అంది.

ఆమె తిట్టి ఉంటే మత్తయి ఆగిపోయేవాడేమో. తిట్టలేదు కాబట్టి అనుమతి దొరికిందనుకున్నాడు. మనకి కావలసిన మాట అయితే చాలు, అది ఎలాంటి గొంతులోంచి వచ్చిందో చూడం కదా! బ్యాండు వాళ్ళంతా అతని వెనకే బయలుదేరారు. డ్రమ్ము వాయించే ముసలి శ్యామ్ బాబు మాత్రం షామియానా గుంజకి ఆనుకుని కదలనన్నాడు.

తోటలో స్టేజీ ధగధగలాడుతోంది. ఎర్ర కోట్లు, జరీ టోపీలు ఇచ్చారు. మత్తయి గుండెల నిండా గాలి పీల్చి ట్రంపెట్ ఎత్తి ఒక్క స్వరం పలికించాడో లేదో, విజయ్ కుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, ఊదకండి సార్! పాట రికార్డులో వస్తుందండి. మీరు నోటి దగ్గర పెట్టుకుని ఊగితే చాలు. చూడ్డానికి బాగుంటుందని పిలిచేం."

"మేము వాయిస్తామండీ బాబూ. వాయించడానికే వచ్చేం."

"మైకులో పడితే గోలగోలగా ఉంటుందండి," అంటూ అతను టేబుళ్ళ మీది కాగితం న్యాప్‌కిన్లు తెచ్చి, ట్రంపెట్ వెడల్పాటి మూతిలోంచి లోపలికంటా కుక్కేశాడు. పొరపాటున కూడా చప్పుడు రాకూడదని.

అప్పటికి నాలుగు దాటింది. పేటలో శవం లేచి ఉంటుంది. మత్తయి ఆ కోటు విప్పి విసిరికొట్టి రావచ్చు. ఎవరూ పట్టుకోలేదు. శనివారాలన్నీ కళ్ళ ముందు కదిలాయి. టోపీ సర్దుకున్నాడు.

దీపాలు వెలిగాక జనం వచ్చారు. పాట మోగింది. మత్తయి బుగ్గలు పూరించి, కళ్ళు మూసి, అటూ ఇటూ ఊగాడు. జనం చప్పట్లు కొట్టారు. ఈలలు కూడా వేశారు. "అదరగొట్టేరండీ! ప్రతి శనివారం మీరే," అని బుచ్చిరాజు గారు భుజం తట్టాడు. మత్తయి సిగ్గుతో చచ్చిపోయాడు. ట్రంపెట్‌ని చూడబుద్ధి కాక అలాగే సంచిలో పడేశాడు.

మర్నాడు తెల్లారగానే ఆ సంచి భుజాన వేసుకుని సమాధుల తోటకి వెళ్ళాడు. కొత్త మట్టి మీద బంతిపూలు ఇంకా వాడలేదు. మార్తమ్మ అప్పటికే అక్కడ ఉంది.

"శ్యామ్ బాబు ఒక్కడే డ్రమ్ము కొట్టుకుంటూ వచ్చేడు," అంది. పూలు సర్దుతూ, "చప్పట్లు కొట్టేరా?" అని అడిగింది.

"ఆయ్. కొట్టేరండి."

"పోనీలే. అక్కడ ఏం వాయించేవో అదే ఇక్కడా వాయించు. ఆయన కూడా వింటారు."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది. మత్తయి ట్రంపెట్ సంచిలోంచి తీసి పెదాలకి ఆనించాడు. మాస్టారు నేర్పినట్టే గాలి పీల్చి ఊదాడు. ట్రంపెట్ పలకలేదు. మళ్ళీ ఊదాడు, మెడ నరాలు ఉబ్బాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మూతిలోకి వేళ్ళు పెట్టి ఒక్కొక్క కాగితమే బయటికి లాగాడు. రెస్టారెంటు పేరు అచ్చేసిన న్యాప్‌కిన్లు మాస్టారి మట్టి మీద పడ్డాయి.

మార్తమ్మ వాటికేసి చూసింది, మత్తయికేసి చూసింది. తర్వాత వంగి, ఆ కాగితాలన్నీ ఏరి కొంగులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.