వట్టి చేతులతో చేసిన కాలు

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మేస్త్రమ్మ గది తాళం తీసి మొట్టమొదట చీపురు పట్టుకుంటుంది. టైర్ల కొట్టు పైన ఒకే ఒక్క గది అది. పొడుగాటి బల్ల, పద్నాలుగు కుర్చీలు, రెండు కిటికీలు. కిందటి వారం వచ్చినవాళ్ళు వదిలిపోయిన చెత్తంతా నేలమీదే ఉంటుంది. వడ్రంగి చిత్రిక పట్టిన చెక్కపొట్టు, దర్జీ కత్తిరించిన గుడ్డపీలికలు, మంగలి రాల్చిన జుట్టు. వాళ్ళ చేతుల్లో మాత్రం ఆ రోజు రంపం లేదు, కత్తెరా లేదు.

మేస్త్రమ్మ పద్ధతే అంత. వేరే దేశం నుంచి వచ్చి, అక్కడ చేసిన పని ఇక్కడ దొరక్క, దొరికిన పని చేస్తూ తిరుగుతున్న మనిషిని బల్ల ముందు నిలబెట్టి, "కాగితాలు తర్వాత చూద్దాం. నీ పని చేసి చూపించు" అంటుంది.

"పనిముట్లు లేవు కదండీ?"

"చేతులు తెచ్చుకున్నావు కదా!"

వాళ్ళు సిగ్గుపడుతూ గాలిలో చేతులు ఆడిస్తారు. పని ఒంటబట్టిన మనిషైతే కాసేపటికి పొట్టు రాలడం మొదలవుతుంది. రాలినదాన్ని ఎవరో ఒకరు ఎత్తిపోయాలి. మేస్త్రమ్మకి ఉన్న విసుగల్లా అదే.

"రాల్చినవాడే ఊడ్చి పొమ్మని ఎన్ని వారాల్నుంచి మొత్తుకుంటున్నాను? ఒక్కడికైనా చెవులున్నాయా?" అని గొణుగుతూ ఊడుస్తుంది.

నలభై ఏళ్ళ కింద ఆవిడా అలాగే వచ్చింది. సొంత దేశంలో ఇటుక పేర్చి గోడ లేపిన మనిషి. ఇక్కడి కాంట్రాక్టరేమో, ఆడమనిషి ఇటుకలు మోస్తే చాలు, పేర్చడానికి మగాళ్ళున్నారన్నాడు. మూడేళ్ళు మోసింది. ఒకరోజు ఒళ్ళు మండిపోయి, తిన్నగా అతని ఆఫీసులోకి వెళ్ళి, అతని బల్ల ముందే వట్టి చేతులతో గోడ కట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి అది నడుమెత్తు లేచింది. భోజనానికి బయటికి రావాలంటే కాంట్రాక్టరు గోడ దూకాల్సి వచ్చింది. మర్నాడే మేస్త్రీగా పెట్టుకున్నాడు.

ఆ శనివారం వచ్చినవాళ్ళలో దుప్పట్లావిడ ఉంది. అది ఆమెకి మూడో వారం. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్ళపాటు ఒక ఆసుపత్రిలో పెట్టుడు కాళ్ళు చేసింది. ఇక్కడ నాలుగేళ్ళుగా హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. వచ్చే బుధవారం ఈ నగరంలోని పెట్టుడు కాళ్ళ కార్ఖానాలో ఆమెకి పరీక్ష. తప్పితే రెండేళ్ళదాకా దరఖాస్తు ముట్టుకోరు. లాండ్రీ వేడికీ తడికీ ఆమె వేళ్ళ కీళ్ళు ఇప్పటికే బిగుసుకుంటున్నాయి. ఇంకో రెండేళ్ళు పోతే పరీక్ష ఉంటుంది, వేళ్ళు ఉండవు.

ఆమె బల్ల ముందు నిలబడి, ఊపిరి పీల్చి, చేతులు కదిలించింది. ఆమె అరచేతుల మధ్య నుంచి తెల్లటి దుప్పటి ఒకటి జారి, నాలుగు మడతలుగా బల్లమీద పడింది. ఇస్త్రీ వేడి ఇంకా పోలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ దుప్పటి. ఆరు దుప్పట్లయ్యాయి.

"అక్కా, మాకు డబుల్ కాట్‌వి రెండు కావాలి. ఒట్టి తెలుపు కాకుండా చూడు" అన్నాడు వడ్రంగి.

"నోర్ముయ్! ముందు నీ పొట్టు ఊడ్చుకో" అని కసిరి మేస్త్రమ్మ ఆమె పక్కకి వచ్చింది. "ఏం చేస్తున్నావమ్మాయ్?"

"పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నానండీ. ఇక్కడి పద్ధతిలో ఏడు మెట్లు. కొలత, కట్టు, అచ్చు..."

"మీ ఆసుపత్రిలో ఈ ఏడు మెట్లూ ఎక్కేదానివా?"

"ఎక్కేదాన్నేనండీ. కాకపోతే అక్కడ ముందు మనిషితో మాట్లాడేదాన్ని."

"ఏమని?"

"ఈ కాలు పెట్టుకుని ఎక్కడికి పోవాలి, అని."

గదిలో అందరూ ఇటు తిరిగారు. ఆమె గొంతు తగ్గించింది. "పొలం గట్టుమీద నడిచేవాడికి చేసే పాదం వేరండీ. రోజంతా కొట్టులో నిలబడేవాడికి వేరు. అడక్కుండా చేస్తే అది గోడకి ఆనించి పెట్టడానికే పనికొస్తుంది."

"మరి అదెందుకు వదిలేశావ్?"

"ఇక్కడి ఫారంలో ఆ ప్రశ్న లేదండీ. మన మోటు పద్ధతి చూసి నవ్వుతారేమోనని..."

మేస్త్రమ్మ మొహం ఎర్రబడింది. "నవ్వితే నీ పళ్ళు రాలుతాయా? పన్నెండేళ్ళు మనుషుల్ని నడిపించి, ఇక్కడికొచ్చి దాన్ని మూటగట్టి మంచం కింద పెట్టావన్నమాట! ఇంక చేతులకి ఏం మిగిలింది? దుప్పట్లు మిగిలాయి. పాపం వాటికి తెలిసిందే అవి చేస్తున్నాయి." స్టూలు లాక్కుని కూర్చుని, కుడికాలు బల్లమీదికి చాపింది. "ఇదుగో, నా మోకాలు. పరంజా మీంచి పడ్డప్పటి నుంచి నొప్పే. పట్టుకో. అడుగు."

ఆమె బొటనవేళ్ళు మోకాలి చిప్పకి రెండు వైపులా ఆనించింది. కళ్ళు మూసుకుంది. "ఎక్కడికి పోవాలి మేస్త్రమ్మా?"

"కిందికి. టైర్ల కొట్టువాడితో పోట్లాడాలి. వాడి మోతకి నాకు తలనొప్పి. మెట్లు దిగడమే కష్టంగా ఉంది."

నవ్వులు ఆగేసరికి ఆమె వేళ్ళ సందుల్లోంచి చల్లగా, తెల్లగా తడి ప్లాస్టర్ కారుతోంది. పిడికెడు వచ్చింది. మేస్త్రమ్మ చెప్పుమీద పడి గట్టిపడింది.

"చాలు. బుధవారం కూడా ఇలాగే. ముందు మనిషిని అడుగు" అంది మేస్త్రమ్మ చెప్పు గీక్కుంటూ.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె భర్త రొట్టెల వ్యాను అప్పగించి వచ్చి కూర్చున్నాడు. చంకలోని మూట చూసి, "ఇవాళెన్ని?" అన్నాడు.

"ఆరు."

"పక్కింటివాళ్ళు కూడా ఇంక వద్దంటున్నారోయ్. నన్ను చూస్తే తలుపేసుకుంటున్నారు."

ఆమె నవ్వి చేతులు కడుక్కోబోయింది. ఆమె గోళ్ళలో ఇరుక్కున్న తెలుపు అతని కంటపడింది. చప్పున లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. దీపం వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"కాసేపు కడుక్కోకు" అన్నాడు.

బుధవారం పది గంటలకి కార్ఖానాలో పరీక్షాధికారి ఆమె ఫైలు తెరిచాడు. చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళు కాళ్ళు చేసి, ఆ తర్వాత పదేళ్ళుగా ఫారాలు నింపుతున్న మనిషి.

"మీరు చేసిన ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు."

"అది మూతపడిందండీ."

"అయితే మీ అనుభవం రుజువు కానట్టే. రుజువు కానివాళ్ళు మా పనిముట్లు ముట్టుకోకూడదు. నియమం. పద్ధతి నోటితో చెప్పండి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కొలత దాటింది, కట్టు దాటింది. అచ్చు దగ్గర ఈ దేశపు మాట ఒకటి గొంతులో అడ్డం పడింది. ఎంత తడుముకున్నా దొరకలేదు. పరీక్షాధికారి వాచీ చూసుకుని, కలం ఫారం మీద ఆనించాడు.

తలుపు పక్క బెంచీ మీద ముసలాయన ఒకడు కూర్చున్నాడు. ఉత్తరాలు పంచి రిటైరైనవాడు. మోకాలి కింద కాలు లేదు. కార్ఖానా చేసిచ్చిన కాలు ఊడదీసి, గొడుగులా గోడకి ఆనించుకున్నాడు. నొప్పని చెప్పుకోవడానికి రావడం ఆ నెలలో అది మూడోసారి. అతని మొండి కాలి చివర ఎర్రగా కందిపోయి ఉంది.

ఆ ఎరుపు చూడగానే ఆమె ఫారం సంగతి మర్చిపోయింది.

"మీ పనిముట్లు ముట్టుకోను సార్. ఆ పెద్దాయనతో మాట్లాడొచ్చా?"

పరీక్షాధికారి నియమాల పుస్తకం తిరగేశాడు. "మాట్లాడకూడదని లేదు."

"చెయ్యి వెయ్యొచ్చా?"

"ఆయన ఒప్పుకుంటే..."

"వెయ్యమ్మా, వెయ్యి. ఇక్కడ నా కాలిని అందరూ కాగితం మీదే చూస్తున్నారు" అన్నాడు ముసలాయన.

ఆమె నేలమీద గొంతుకూర్చుని, బొటనవేళ్ళతో ఎముకని వెతుక్కుంది. "ఎక్కడికి పోవాలి పెద్దాయనా?"

ముసలాయన తలుపు వైపు చూశాడు.

"నేను ఉత్తరాలు పంచిన వీధుల్లో ఏటవాలు వీధి ఒకటుంది. దాని అడుగున మా చెల్లెలి ఇల్లు. మంచంలో ఉంది, అది రాలేదు. పైకి ఎక్కడం ఎలాగో ఎక్కుతాను. దిగేటప్పుడే ఈ కాలు నన్ను వెనకనుంచి తోసేస్తుంది. రెండుసార్లు పడ్డాను. చెల్లెలి మొహం చూసి రెండేళ్ళయింది."

"మడమ గట్టిగా ఉంది. దిగేవాడికి మడమ మెత్తగా ఉండాలి" అంది ఆమె. అంటూనే చేతులు కదిలించింది.

గాలిలోంచి తడిగుడ్డ వచ్చినట్టు ప్లాస్టర్ పట్టీ మొండి కాలికి చుట్టుకుంది. ఆమె దాన్ని ఆరనిచ్చి, వలిచి, అచ్చు పోసింది. అచ్చుని అరచేత్తో చెక్కుతుంటే తెల్లటి పొడి రాలి పరీక్షాధికారి బూట్లు కప్పేసింది. అతను కలం జేబులో పెట్టుకుని ఒకడుగు ముందుకి వచ్చాడు. ఇంకాసేపటికి ఇంకో అడుగు. చివరికి ఆగలేక ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మోకాలి కింద ముందువైపు ఎముక దగ్గర ఇంకాస్త చోటు వదలండి. అక్కడే ఒరుసుకుంటోంది."

"వదిలాను సార్. వేలు పెట్టి చూడండి."

అతను వేలు పెట్టి చూశాడు. పదేళ్ళ తర్వాత అతని వేలికి ప్లాస్టర్ అంటింది. "ఊఁ, బాగుంది" అన్నాడు. "పక్కన?"

"పక్కన బిగువుండాలి. లేకపోతే వాలులో కాలు జారుతుంది."

"నిజమే, నిజమే."

మధ్యాహ్నం మూడయింది. ఎవరూ భోజనానికి లేవలేదు. మొండి కాలు కూర్చునే గిన్నె తయారైంది, దాని కింద కడ్డీ, దాని కింద పాదం. మడమ నొక్కితే రొట్టెలా దిగి, మళ్ళీ లేచింది. ముసలాయన తొడుక్కుని, బెంచీ పట్టుకుని లేచాడు. నాలుగడుగులు వేశాడు. వెనక్కి తిరగమని పరీక్షాధికారి చెబుతూనే ఉన్నాడు, ఆయన తలుపు దాటేశాడు. మెట్లమీద అడుగుల చప్పుడు సమంగా, ఒకే తూకంలో కిందికి దిగిపోయింది.

"ఆగండి! ఎత్తు సరిచూడాలి! సంతకం పెట్టాలి!" పరీక్షాధికారి కిటికీలోంచి అరిచాడు.

ముసలాయన చెయ్యెత్తి ఊపాడు గానీ ఆగలేదు. సందు మలుపు తిరిగిపోయాడు.

పరీక్షాధికారి బల్ల దగ్గరికి వచ్చి ఫారం తీశాడు. అన్నిటికన్నా కింద ఒక గడి ఉంది: రోగి ఎంత దూరం నడిచాడు? మామూలుగా అక్కడ పది అడుగులనో ఇరవై అడుగులనో రాస్తారు. అతను ఇంకోసారి కిటికీ వైపు చూసి, "కనబడనంత దూరం" అని రాసి, కింద సంతకం పెట్టాడు.

"తిరిగొస్తాడంటారా?" అన్నాడు.

"రేపు పొద్దున్నే వస్తాడు సార్" అంది ఆమె, ఒళ్ళోని పొడి దులుపుకుంటూ. ఈ దేశపు మాటలు ఇప్పుడు ఒక్కటీ అడ్డం పడలేదు. "కొత్త గిన్నె కదా, మొదటిరోజు ఎక్కడో ఒకచోట ఒత్తుతుంది. సరిచేసి పంపిస్తాను. మీరు ఎన్నింటికి తెరుస్తారు?"

"ఎనిమిదికి."

"ఏడున్నరకే వస్తాను. నొప్పి ఉన్నవాళ్ళు ఎనిమిదిదాకా ఆగరు."

"ఏడున్నరకి తలుపు తీసేవాళ్ళెవరూ ఉండరే" అన్నాడతను. ఫైలు మూసి, ఒక్క క్షణం ఆగి, "సరే, నేనొచ్చి తీస్తాను" అన్నాడు.