తూకం టికెట్లు

కాలర్లు కుట్టే అమ్మాయి వాష్‌రూమ్ సింకులో తన చనుబాలు పిండి పారబోస్తోంది. ఆ పాల కోసం ఏడ్చే ఏడు నెలల కూతురు గేటు బయట అత్తగారి ఒళ్లో ఉంది. నేను చూసి, చూడనట్టు చేతులు కడుక్కుని నా చెకింగ్ టేబుల్ దగ్గరికి వచ్చేశాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు నెలల కిందటి దాకా ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండేది. తల్లులు పూటకోసారి వెళ్లి పాలిచ్చి వచ్చేవాళ్లు. ఇప్పుడు అందులో అట్టపెట్టెలు నింపారు. పిల్లల్ని చూసుకునే ఆయమ్మను ప్యాకింగులో వేశారు.

వెళ్లి అడిగాం. మేనేజరు తల ఎత్తలేదు.

"గది ఉండాలని చట్టంలోనే ఉంది సార్," అన్నాను.

"చట్టంలో చాలా ఉంటాయి. గది లేకపోతే పిల్లలకు నష్టమని రుజువేది? ఏడుపులు రుజువులు కావు."

అన్నాల దగ్గర గొడవైంది. "కొండను పొట్టేలు ఢీకొడితే ఏమవుతుంది? ఉన్న పనీ ఊడుతుంది," అంది ఒకామె.

"రుజువడిగాడుగా, ఇద్దాం," అంది ఆయమ్మ. "గది ఉన్నన్నాళ్లూ నెలనెలా పిల్లల్ని తూచి రాసిపెట్టా. మళ్లీ తూచండి."

సెలవు రోజున పాత సామాన్ల కొట్లో పదకొండు మంది పిల్లల్ని తూచాం. మా సంచుల్లో చేతికందిన, ఫ్యాక్టరీలో బట్టల కట్టలకు తగిలించే ఖాళీ టికెట్ల మీదే రాశాం. సైజు దగ్గర వయసు, పీసుల దగ్గర బరువులు, ఆయమ్మ రాసిన పాతదీ ఇప్పటిదీ. ఇద్దరు తప్ప ఎవరూ సరిగ్గా ఎదగలేదు. కాలర్ల అమ్మాయి కూతురైతే ఉన్నచోటే ఉంది. పదేళ్లుగా పాడైన చొక్కాల టికెట్ల మీద ఎర్ర ఇంటూ గీస్తున్న చెయ్యి నాది. అలవాటుగా ఆ టికెట్టు మీదా గీసేశాను.

"నా పిల్లను రిజెక్టు చేశావా అక్కా?"

నేను పెన్ను కింద పెట్టేశాను. ఆయమ్మే అందుకుంది. "ఒక్క పీసు పాడైతే కుట్టినదాని తప్పు. తొమ్మిది పాడైతే కుట్టు లైన్ మొత్తానిదే తప్పు. మిగతా ఎనిమిదింటి మీదా గీయి. ఎదిగిన ఇద్దరివీ కలుపు, దాచామన్న మాట రాకూడదు."

మర్నాడు తీసుకెళ్లి ఇస్తే మేనేజరు టికెట్లు తిప్పి చూశాడు. బరువులు చదవలేదు. "ఇవి కంపెనీవి. ఎవరు దొంగిలించారు?"

"నేనే," అంది ఆయమ్మ.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి ఆమెను జీపెక్కించారు. మేం ఉన్నచోటే కూర్చుని చూశాం. ముందు లేచింది కాలర్ల అమ్మాయి. తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. ఆమె వెనక మేమందరం.

"నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"అయితే అటు తిరిగి నిలబడు బాబాయ్. నువ్వేం చూడలేదు."

ఆయన అటు తిరిగాడు. గేటు బయట అత్తల, అమ్మల ఒళ్లల్లో ఉన్న పిల్లలందరూ లోపలికి వచ్చారు. అట్టపెట్టెలు వరండాలోకి వచ్చాయి. మేనేజరు పరుగున వచ్చేసరికి ఆ అమ్మాయి గది గచ్చు మీద కూర్చుని పాలిస్తోంది.

"మిషన్లు ఎవరు నడుపుతారు?"

ఆమె తల ఎత్తలేదు. "పిల్ల ఇంకో పక్క తాగాలి సార్. ఈలోపు మీరెళ్లి ఆయమ్మను తీసుకురండి."

గేటు దగ్గర మళ్లీ జీపు ఆగిన చప్పుడైంది. మాలో ఒక్కరూ లేవలేదు.