పారణనాటి పుంటికూర పప్పు

గంగుబాయి మంచిదని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. మంచిది కాదు. గని ఉత్తగనే చెడ్డది కాలేదనేది కూడ నిజం, ఆ ముచ్చట చెప్పకుంటే నాకు పాపం తాకుతది.

వాళ్ల ఊరు నిర్మల్‌కు నాలుగు కోసుల దూరం, భైంసా పోయే తొవ్వల. ఇంటిల్లిపాది మెడల తులసిమాలలు, నోట్ల పాండురంగని పేరు. మూడు తరాల సంది ఆ ఇంట్ల నీసు ముట్టలే. కోడి లేదు, చాప లేదు, గుడ్డు పెంకు సుత వాకిట్ల పడలే. దినాం జొన్నరొట్టె, పప్పు, పెరట్ల ఆకుకూర, సల్ల. ఏకాదశినాడు ఉపాసం, తెల్లారి ద్వాదశికి పారణ, అంటే ఉపాసం ఇడిచే బువ్వ. గంగుబాయి పుట్టింటోళ్లు కూడ గసొంటోళ్లే, ఆమె నాలికకు నీసు ఎట్లుంటదో తెల్వది.

పన్నెండేండ్ల పిల్లగ ఆ ఇంటికి కోడలై వచ్చింది. అత్త బతికున్నన్ని దినాలు ఇసుర్రాయి తిప్పింది, గంజులు తోమింది, అత్త ఏసినంత తిన్నది. పొయ్యి ముంగట కూసునే భాగ్యం తనకు ముప్పై ఏండ్లు నిండినంక వచ్చింది, అది కూడ అత్త సచ్చినంక. ఆ ఇంట్ల ఆడదానికి భూమి లేదు, పెట్టె తాళం లేదు, ఉన్నదల్లా పొయ్యి. పప్పుల ఉప్పు ఎంత, ఎవలికి ఎన్ని రొట్టెలు, అడుక్కున్న గట్టిపప్పు ఎవల తలెలకు పోవాలె, ఇవన్ని పొయ్యి ముంగట కూసున్నామె చేతుల ఉంటయి. పొయ్యి పోయినామె అరుగు మీద ఒత్తులు చేసుకుంట, పిలిచినప్పుడు లేచి పోయి పెట్టింది తినాలె.

గసొంటి ఇంటికి బుచ్చవ్వ కోడలుగ వచ్చింది, గంగుబాయి ఒక్కగానొక్క కొడుకు పండరికి పెండ్లాంగ. పిల్లది మంచిర్యాల దిక్కు, గోదారి ఒడ్డు ఊరు. అక్కడ చాప లేని బువ్వ బువ్వే కాదు. పండరి తండ్రి భూమన్న పిల్ల అణకువ చూసి ఒప్పుకున్నడు. కార్తీకంల వాళ్ల గురువు మహారాజ్ పంఢరిపురం యాత్ర నుంచి తిరిగొస్తప్పుడు పిల్ల మెడల తులసిమాల ఏపిద్దాం, అప్పటిదాక అది మన పొయ్యి ముట్టది, విడిగ తింటదని మాట అనుకున్నరు.

గంగుబాయికి ఎనిమిది నెలలు దొరికినయి. ఆ ఎనిమిది నెలలు బుచ్చవ్వ పశుల కొట్టం పక్కన కూసొని తిన్నది. తలె వేరు, చెంబు వేరు. మాడిన రొట్టె ఏదుంటే అది ఆ పిల్లకే. కూర మిగిలిందా అని అడిగితే, గోదారిల చాపలు అయిపోయినయా, మా తోటకూర కోసం వచ్చినవ్ అనేది. పండరి విని కూడ విననట్టు పోయేటోడు. అసొంటి మొగోణ్ని ఏమనాలె, మీరే అనుండ్రి.

భాద్రపదంల గంగుబాయికి మూడొద్దులు జరం వచ్చింది. ఇంట్ల ఇంకో ఆడదిక్కు లేదు. ఆపత్తుకు దోషం లేదని భూమన్న కోడల్ని పొయ్యి కాడికి పంపిండు. బుచ్చవ్వ పుంటికూర, అదే గోంగూర, తెంపి, కందిపప్పుల ఏసి ఉడికిచ్చి, మెంతులు, ఎండు మిరపకాయలు, ఎల్లిపాయ పోపు పెట్టింది. గంతే, అంతకంటె ఎక్కువ ఏం చేయలే. భూమన్న మూడు రొట్టెలు తినేటోడు ఐదు తిన్నడు. తిని, చేతులు కడుక్కొని, పెండ్లాం మంచం కాడికి వచ్చి నిలవడ్డడు.

"ఇన్నేండ్ల సంది నేను తిన్నది బువ్వ కాదే గంగూ," అన్నడు. "ఈ పిల్ల చేతిది తిన్నంకనే తెలిసింది. మాల పడ్డంక పొయ్యి దానికే ఇచ్చెయ్యి. నువ్వు ఇగ కూసొని తిను."

ఆయన దాన్ని సుఖం అనుకునే చెప్పిండు కావచ్చు. జరంల పండుకున్న ఆడదానికి గా మాట ఎక్కడ తాకిందో ఆయనకు ఏం ఎర్క. గంగుబాయి గోడ దిక్కు మర్లి పండుకున్నది. ఏడ్సిందో లేదో నేను చూడలే గని, ఆనాటి సంది ఆమె కోడల్ని తిట్టుడు బందువెట్టింది. తిట్టే అత్త తిట్టుడు ఆపిందంటే భయపడాలె, గని బుచ్చవ్వ సంబురపడ్డది.

ఆ సంబురంలనే పిల్ల ఒక పని చేసింది. దసరాకు బుచ్చవ్వ అవ్వ బిడ్డను చూడ వచ్చి, పోతపోత ఎండు రొయ్యల పొడి చిన్న మూట కట్టి చీరల మడతల పెట్టిపోయింది. బిడ్డ నోరు చప్పగైందని తల్లి పానం కదా. బుచ్చవ్వ ఆ మూట చూసి జరసేపు కండ్లకు నీళ్లు తెచ్చుకొని, తీస్కపోయి అత్త చేతుల పెట్టింది. నాకు వద్దత్తమ్మా, నేను ఇడిసిపెట్టిన, పెంటల పారెయ్యి అన్నది. గంగుబాయి ఎంటనే, ముడి ఇప్పకుంటనే, మొగని ముంగటికి తీస్కపోయి చూపిచ్చింది. భూమన్న నవ్వి, మాలకు ముందుగాలది ఏదీ పట్టిచ్చుకోవద్దు, మాల పడ్డంక మాత్రం ఒక్క బుక్క నోట్లె పెట్టినా మాల తెంపి పుట్టింటికి పంపుడే, అది మన రివాజు అన్నడు.

గంగుబాయి ఆ మూట పెంటల పారెయ్యలే. గడ్డివాము ఎనుక గోడ సందుల పెట్టింది. మాల పడ్డంక, ఒక్క బుక్క, పుట్టింటికి. ఈ మూడు ముక్కలు మనసుల తిప్పుకుంట తిరిగింది. నడుమ నడుమ పోయి మూట ముడి ఇప్పి వాసన చూసేది. మొదట కక్కొచ్చినంత పనయ్యేది. నెల తిరిగేసరికి ఆ వాసన ఆమె ముక్కుకు మంచిగ గుర్తైపోయింది.

ఆమె అనుకున్నది ఇది. మాల పడ్డ పొద్దున పారణ వంట బుచ్చవ్వే చేయాలె. పప్పుల ఈ పొడి కలిస్తే మూత తియ్యంగనే గుప్పుమంటది. మహారాజ్ ముక్కు మూసుకొని లేస్తడు. ఎవలూ ముట్టరు, ఎవలికీ పాపం రాదు. పిల్ల బుద్ధి పోలేదంటరు, మాల తెంపి బండి కట్టిస్తరు. పొయ్యి తనకే మిగులుతది.

కార్తీక బహుళ ద్వాదశి వచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లాల ఉన్న కిన్వట్ తాలూకా బొంబాయి రాజ్యంల కలిసిన మరుసటేడు అది. మహారాజ్ ఇద్దరు శిష్యులతోని దిగిండు, ఊర్లె మెడల తులసిమాలలున్న పెద్దమనుషులు ఓ పదిమంది వచ్చిండ్రు. పొద్దుగాలనే బుచ్చవ్వ మెడల తులసిమాల ఏసి, ఇగ నువ్వు పాండురంగని బిడ్డవు అన్నడు మహారాజ్. పిల్ల ఆయన కాళ్లు మొక్కి, తడి చీరతోనే పొయ్యి కాడ కూసున్నది. మామకు ఇష్టమని పుంటికూర పప్పే పెట్టింది. దేవుని వంట కాబట్టి ఎల్లిపాయ లేదు, ఇంగువ పోపు. రుచి చూడొద్దు, చూడలే.

నైవేద్యం తీసి బుచ్చవ్వ దేవుని అర్రలకు పోయింది. గంగుబాయి కొంగుల నుంచి మూట తీసి మొత్తం గంజుల కుమ్మరిచ్చి గంటెతోని కలిపింది. దేవుని భాగం ముందుగాలనే తీసిండ్రు కదా, దేవునికి మైల లేదు అనుకున్నది. చూడుండ్రి, గా పని చేసుకుంట కూడ భక్తి ఇడువలే.

మోదుగాకు ఇస్తర్లు ఏసిండ్రు. మొగోళ్లు బంతిల కూసున్నరు. బుచ్చవ్వ గంజు ఎత్తుకొని వచ్చి మహారాజ్ ముంగట మూత తీసింది.

గంగుబాయి తలుపు కాడ నిలవడి చూస్తున్నది. మహారాజ్ ముక్కు మూసుకోలే. భూమన్న లేవలే. బంతి బంతంతా ఇస్తర్ల మీద నీళ్లు చల్లుకుంట కూసున్నది. అక్కడ ఉన్నోళ్లల్ల ఒక్కని ముక్కుకు రొయ్య వాసన అంటె ఏందో తెల్వదు. మూడు తరాల సంది నీసు ముట్టనోళ్లకు నీసు ఎట్ల తెలుస్తది? గా సంగతి గంగుబాయి మనసుకు అప్పటిదాక తట్టనేలే.

తెలిసిన ముక్కు గంగుబాయిది కాక అక్కడ ఇంకొక్కటే ఉన్నది. బుచ్చవ్వ చేతిల గంటె ఆగింది. తన అవ్వ చేతి పొడి, తన చేతులతోని అత్తకు ఇచ్చిన మూట. తల తిప్పి తలుపు దిక్కు చూసింది. గంగుబాయి మొఖం చూసినంక ఇంక అడిగేది ఏం లేకుండె. ఇప్పుడు నోరు తెరిస్తే ఎవల మాట నమ్ముతరు? గోదారి ఒడ్డు పిల్లది, మాల ఏసుకొని రెండు గడియలు కాలే. బుచ్చవ్వ గంటె ముంచి మహారాజ్ ఇస్తరిల ఏసింది.

గంగుబాయి ఒక అడుగు ముంగటికి ఏసింది. ఒర్రాలె, ఆపాలె. ఆపితే, నీకు ఎట్ల ఎర్కైందే గంగుబాయీ అంటరు. మహారాజ్ అన్నం కలుపుతున్నడు, నోట్లె పెట్టంగనే ఉమ్మేస్తడు అనుకున్నది. మహారాజ్ ఒక బుక్క తిన్నడు. కండ్లు మూసుకొని ఇంకొకటి తిన్నడు. నలభై ఏండ్ల సంది పంఢరికి నడుస్తున్న, తొవ్వల ఎందరో పెట్టిండ్రు, ఇసొంటి పప్పు తినలే అని మల్ల ఏపిచ్చుకున్నడు. ఆయన మెచ్చినంక శిష్యులు ఊకుంటరా, ఊరోళ్లు ఊకుంటరా. అందరు ఏళ్లు నాకిండ్రు.

మొగోళ్లు లేచినంక ఆడోళ్ల బంతి. మాల ఏసుకున్న కొత్త కోడలు తను వండిన బువ్వల మొదటి బుక్క ఇంటి పెద్దామెకు తన చేతితోనే తినిపియ్యాలె. ఆ బుక్క మింగితే ఆ పిల్లను ఇంట్ల కలుపుకున్నట్టు. మహారాజ్ అరుగు మీద కూసొని చూస్తుండు, భూమన్న పక్కన నిలవడ్డడు. గంగుబాయి కడుపుల బాగలేదన్నది. బుక్కెడు తింటే ఏం కాదు తియ్యి అన్నడు మొగడు. బుచ్చవ్వ పప్పు, అన్నం మంచిగ పిసికి, ముద్ద చేసి, అత్త ముంగట మోకాళ్ల మీద కూసున్నది. చెవు కాడికి వంగి మెల్లగ అన్నది.

"మా అవ్వ పంపిందే అత్తమ్మా. పారెయ్యమంటి కదా. నోరు తెరువు."

గంగుబాయి నోరు తెరిచింది. నమిలింది. అందరు చూస్తుంటే మింగింది. ఇస్తరిల బుచ్చవ్వ గంటెడు ఏసింది, మల్ల గంటెడు ఏసింది, పారణ బువ్వ ఇడిసిపెట్టొద్దు కదా అత్తమ్మా అనుకుంట. మెతుకు మిగలకుంట తినేదాక పక్కనే కూసున్నది. మరి నువ్వు తినవా బిడ్డా అని మహారాజ్ అడిగితే, మాల పడ్డ దినం సంది ద్వాదశికి పప్పు ముట్టనని పాండురంగనికి మొక్కుకున్న అని చెప్పి, ఒట్టి సల్లబువ్వ తిన్నది. చిన్న వయసుల ఎంత భక్తి అని మహారాజ్ ఆమె తల మీద చెయ్యి పెట్టిండు.

పోయేటప్పుడు ఆయన, వచ్చే ఏడు కూడ ఇదే పప్పు చేయాలె అన్నడు. వచ్చే ఏడు దాక ఎందుకు, ప్రతి పారణకు మా ఇంట్ల ఇదే అన్నడు భూమన్న. బుచ్చవ్వ తల వంచుకొని, నేను ఎప్పుడన్న వండుత మామా, గని దాంట్ల ఏసే మసాల అత్తమ్మకే ఎర్క, అత్తమ్మనే తేవాలె అన్నది.

"తెస్తది," అన్నడు భూమన్న. "పొయ్యి పని లేదు, ఇంట్ల ఉండి ఏం చేస్తది."

తేనంటే మాత్రం ఏమైతది? ఏం మసాలనే అది అని మొగడు అడుగుతడు. కోడలు అవతల నిలవడి నవ్వుకుంట చూస్తది.

మరుసటి ఏకాదశికి ముందు ఆమె నిర్మల్ అంగడికి నడిసిపోయింది. కొంగు మెడ సుట్టు తిప్పి తులసిమాల దాసుకొని, ఎండుచాపలు అమ్మేటోళ్ల వరుసల నిలవడ్డది. ఏం కావాలె అవ్వా అంటే రొయ్యల పొడి దిక్కు ఏలుతోని చూపిచ్చింది. గట్ల నెలకు రెండుసార్లు, వానైనా ఎండైనా, సచ్చేదాక పదకొండేండ్లు పోయింది. ఆమె తెచ్చేది, కోడలు వండేది, మొగడు, కొడుకు, ఏడాదికొకసారి మహారాజ్ కడుపునిండ తినేటోళ్లు, ఆమె చేత తినిపిచ్చేటోళ్లు. మూడు తరాల సంది నీసు ముట్టని ఆ ఇంట్ల, గా పదకొండేండ్లు నీసు ముట్టంది బుచ్చవ్వ ఒక్కతే.